రొయ్యల బకాయి కేసులో ఎగుమతిదారు: ఏ డిఫెన్స్ నిలుస్తుంది, ఏ గోప్యత మిగలదు

ఇది ఏ ఒక్కరి ఫైలూ కాదు. నెల్లూరు తీరంలో ఆక్వా వ్యాపారం చుట్టూ నమోదయ్యే బకాయి కేసుల తీరు తెలియడానికి కట్టిన నమూనా. మనుషులు, బకాయి అంకెలు కల్పితం. సెక్షన్లు, తీర్పులు, తేదీలు నిజమైనవి.

ఎ1, అంటే మొదటి ముద్దాయి, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, కోల్డ్ స్టోరేజీ ఉన్న కంపెనీకి మేనేజింగ్ డైరెక్టరు. ఎ2 ఆయన భార్య, కాగితం మీద డైరెక్టరు. ఎ3 కొడుకు, బెంగళూరులో వేరే ఉద్యోగం, ఇక్కడ పది శాతం వాటా. ఎ4 అకౌంట్స్ మేనేజరు. ఎ5 చెరువు గట్ల మీద తిరిగి సరుకు కుదిర్చే ఏజెంటు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు మండలాల రైతులు 23 మంది తమకు 4.60 కోట్లు రావాలని సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చారు. అర్జీ స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్ అయింది. భారతీయ న్యాయ సంహిత 318(4), 316(5), 336(3), 340(2), 61(2) సెక్షన్లు పడ్డాయి. అంటే మోసం, నమ్మకద్రోహం, మోసం కోసం ఫోర్జరీ, ఫోర్జరీ కాగితాన్ని వాడటం, కుట్ర.

డబ్బున్న ముద్దాయి వచ్చీ రాగానే అడిగేవి రెండు: "అరెస్టు ఆపగలరా? పేపర్లో రాకుండా చూడగలరా?" మొదటిదానికి చట్టంలో చాలా దారులున్నాయి. రెండోదానికి దాదాపు లేవు. ఉన్న కాస్త గోప్యత కూడా పోలీసుల చేతుల్లో కంటే మన సొంత పిటిషన్లలోనే ఎక్కువగా పోతుంది. ఈ ఫైలును ఆ కోణంలోనే చదవాలి.

316(5) ఎందుకు పడింది

ముందు చూడాల్సింది ఈ ఒక్క సెక్షనే. మిగతావాటిలో మోసానికి, ఫోర్జరీకి గరిష్ఠ శిక్ష 7 ఏళ్లు. అక్కడితో ఆగితే 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పు వర్తిస్తుంది. నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ) 35(3) కింద నోటీసిచ్చి పిలవాలి, అరెస్టు చేస్తే కారణాలు రాయాలి. ఇకపై చట్టం పేరు చెప్పని చోట పోలీసు, కోర్టు పద్ధతి సెక్షన్లు దీనివి, నేరాల సెక్షన్లు న్యాయ సంహితవి. 316(5) పాత ఐపీసీ 409కి కొత్త నంబరు. యావజ్జీవం దాకా శిక్ష ఉంది. అది చేరగానే ఏడేళ్ల గొడుగు తొలగిపోతుంది. చార్జిషీటు గడువు 60 రోజుల నుంచి 90కి పెరుగుతుంది. పోలీసు కస్టడీని విడతలుగా అడిగే వీలు మొదటి 40 రోజులకు బదులు 60 రోజులు ఉంటుంది. యావజ్జీవ శిక్ష ఉన్న సెక్షన్ కనబడితే మేజిస్ట్రేటు బెయిల్ ఇవ్వడానికి వెనకాడతారు. ఒక్క సెక్షన్‌తో ఇన్ని మారతాయి కాబట్టే బకాయి కేసుల్లో అది తరచూ దర్శనమిస్తుంది.

నిలుస్తుందా అంటే, అమ్మకం అయితే నిలవదు. నమ్మకద్రోహానికి మూలం అప్పగింత. రైతు రొయ్యలను దాచిపెట్టమని ఇవ్వలేదు, అమ్మాడు. గట్టు మీద కాటా వేసి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చూసి, కిలో ధర ఖరారైతే 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం యాజమాన్యం కొనుగోలుదారుకు మారుతుంది. తూకం వేస్తే తప్ప ధర తేలని సరుకైతే తూకం పూర్తయి, ఆ సంగతి కొనుగోలుదారుకు తెలిసేదాకా మారదు. అందుకే కాటా చీటీ ఈ కేసులో రెండు వైపులా పదునున్న కాగితం. యాజమాన్యం మారాక మిగిలేది అప్పు. 2024 ఆగస్టు 23న ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది సరిగ్గా ఇదే. అక్కడ సరుకు గుర్రాల దాణా, ఓట్స్ ధాన్యం; బిల్లులు చెల్లించలేదన్నది ఫిర్యాదు. సరుకు అమ్మిన చోట నమ్మకద్రోహం ఉండదని, ఒకే వాస్తవాల మీద మోసం, నమ్మకద్రోహం రెండూ కలిసి నిలవవని కోర్టు తేల్చింది. మోసంలో దురుద్దేశం మొదటి నుంచీ ఉండాలి. నమ్మకద్రోహంలో వస్తువు సక్రమంగా చేతికి వచ్చాక బుద్ధి మారాలి. రెండూ ఒకేసారి ఒకే లావాదేవీలో ఉండటం కుదరని పని.

ఒక జాగ్రత్త. 23 మందిలో ఎవరైనా తమ సరుకును ధర పెరిగేదాకా కంపెనీ కోల్డ్ స్టోరేజీలో అద్దెకు పెట్టుకున్నారా అన్నది ముందే కనుక్కోవాలి. ఒక్కరున్నా ఆ ఒక్కరి విషయంలో అది అప్పగింతే. మొత్తం 23 మందికీ ఒకే వాదన రాసి హైకోర్టుకు పోతే, ఆ ఒక్క అద్దె రశీదు చూపి పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటరు) మిగతా 22 మందినీ లాక్కుపోతారు.

మోసం: తేదీలే డిఫెన్స్

318(4)కు జవాబు చెల్లింపుల చరిత్ర. ఈ నమూనాలో అవే 23 మందికి గత 5 ఆర్థిక సంవత్సరాల్లో 61 కోట్లు బ్యాంకు ద్వారా వెళ్లాయి. ఆ స్టేట్‌మెంట్లు రైతు వారీగా, తేదీ వారీగా ఒక పట్టికగా కట్టాలి. బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద ధ్రువీకరించిన నకళ్లు తీసుకోవాలి, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నుంచి ప్రింటు కాదు. బకాయి ఎందుకు పడిందో చెప్పడానికి బయటి కారణం కూడా ఉంది. అమెరికా 2025 ఆగస్టు 7 నుంచి భారత సరుకుపై 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం అదనపు సుంకం వేసింది. మన రొయ్యలకు పెద్ద మార్కెట్ అదే. ఆర్డర్లు రద్దయిన మెయిళ్లు, ఆగిన కంటైనర్ల కాగితాలు, బ్యాంకు ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతికి ముందు ఇచ్చే అప్పు) ఖాతా, ఈ మూడూ కలిపితే "ఇవ్వాలన్న బుద్ధి ఉంది, ఇవ్వలేకపోయాడు" అన్న చిత్రం వస్తుంది.

కానీ ఇదే వాదన ఇంకోవైపు కోస్తుంది. రెండో విడత సుంకాన్ని ప్రకటించింది ఆగస్టు 6న. ఆ తర్వాత కూడా ఆరుగురు రైతుల దగ్గర పాత హామీతోనే 1.12 కోట్ల సరుకు కొన్నారు. ముద్దాయి 27వ తేదీ అంటాడు, పీపీ 6వ తేదీ అంటారు. ఆర్డర్లు పడిపోతున్నాయని తెలిసీ "పది రోజుల్లో డబ్బులు" అని చెప్పి సరుకు ఎత్తితే ఆరంభం నుంచీ దురుద్దేశం ఉందనడానికి చోటు దొరుకుతుంది. కాబట్టి 4.60 కోట్లను ఒకే ముద్దగా చూడకూడదు. ముందు కొన్న 17 మందిది 3.48 కోట్లు, అది శుద్ధ సివిల్ బకాయి. తర్వాతి ఆరుగురిది బలహీనమైన భాగం. డబ్బు సర్దుబాటయితే ముందు తీర్చాల్సింది ఆ ఆరుగురినే. ఎక్కువ అరిచేవాళ్లకు ముందు ఇవ్వడం వ్యాపారి అలవాటు. కేసు అవసరం వేరు.

ఇక దాన సెటిల్‌మెంట్. సెప్టెంబరులో ఎ1 తన పేరున్న రెండు స్థలాలను భార్య పేరిట రిజిస్టర్ చేశాడు. "ఇది ఇంటి విషయం, కేసుకేం సంబంధం?" అంటాడు. సంబంధం ఉంది. రుణదాతలకు అందకుండా ఆస్తి తప్పించడం సంహితలో 320 సెక్షన్ కింద నేరం. సివిల్‌లో ఆస్తి బదలాయింపు చట్టం 53 కింద ఆ దస్తావేజు కొట్టుడుపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, మోసపు ఉద్దేశానికి అంతకంటే సాక్ష్యం పీపీకి అక్కర్లేదు. దాన్ని దాచడం కూడా కుదరదు. రిజిస్ట్రేషన్ శాఖ ఈసీలో (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) రెండు నిమిషాల్లో బయటపడుతుంది. కంపెనీ డైరెక్టర్లు, తాకట్లు, బ్యాలెన్స్ షీట్లు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్ది ఫీజుకు ఎవరికైనా దొరుకుతాయి. ఆస్తి విషయంలో గోప్యత ఉందనుకునే ముద్దాయి తన లాయరుకు కూడా చెప్పడు, అదే చేటు. ఫిర్యాదుదారులు ఈసీ తీసి కోర్టులో పెట్టకముందే దస్తావేజును ఇద్దరూ కలిసి రద్దు చేసుకుని, ఆ రద్దు పత్రాన్ని మనమే చూపడం మేలు.

ఫోర్జరీ ఆరోపణ కాటా చీటీల మీద. రైతు కార్బన్ కాపీలో 2,140 కిలోలు, కంపెనీ కాపీలో 2,010. ఫోర్జరీకి చట్టం అడిగేది తప్పుడు పత్రాన్ని తయారుచేయడం. వేరొకరు రాసినట్టు, వేరొకరు సంతకం చేసినట్టు పుట్టించడం. సొంత చీటీలో తప్పుడు అంకె వేయడం అబద్ధమే కానీ ఆ అర్థంలో ఫోర్జరీ కాదని 2009లో మహమ్మద్ ఇబ్రహీం కేసు నుంచి లాగవచ్చు. వాదన ఇక్కడ ఆపాలి. "ఇది ఫోర్జరీ కాదు, లెక్కల తారుమారు" అని ఉత్సాహంగా రాస్తే లెక్కల తారుమారు నేరమైన 344 సెక్షన్‌ను మనమే పీపీ చేతికి ఇచ్చినట్టు. కాటా యంత్రానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏ తేదీదో కూడా చూసుకోవాలి. గడువు దాటిన ముద్ర ఉంటే కంపెనీ కాపీని గట్టిగా పట్టుకోకపోవడమే మంచిది.

మొదటి మూడు రోజులు

ఎఫ్ఐఆర్ కంటే ముందు విచారణ జరపాలని 173(3) కింద అడగడం ఈ కేసులో పొరపాటు. ఆ వెసులుబాటు 3 ఏళ్లు, ఆపైన ఉండి 7 ఏళ్లకు లోపు శిక్ష పడే నేరాలకే. మోసానికి ఏడేళ్ల దాకా ఉంది కాబట్టి "ఏడేళ్లకు లోపు" కాదు. అడగాలంటే 2013 లలిత కుమారి తీర్పులో వాణిజ్య వివాదాలకు ఇచ్చిన మినహాయింపు మీద అడగాలి, అదీ ఎఫ్ఐఆర్ పడకముందే.

ఎఫ్ఐఆర్ 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది, నిర్ణయం డీఎస్పీ, ఆపై స్థాయి అధికారిది. ఆ కేసులో చెప్పిన ఉదాహరణలు లైంగిక నేరాలు, ఉగ్రవాదం, పోక్సో వంటివి. రొయ్యల బకాయి వాటిలోకి రాదు. "పరువు పోతుంది" అన్న కారణంతో అర్జీ పెడితే తిరస్కరిస్తారు. ఆ అర్జీ పెట్టిన సంగతి స్టేషన్ బయట ఉండే విలేకరికి ముందు తెలుస్తుంది. ఈ ప్రయత్నం చేయకపోవడమే గోప్యత.

35(3) నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంతిల్ వ్యవహారంలో చెప్పింది. అయినా అందుకున్నాక "చెల్లలేదు" అని ఊరుకోవద్దు. లాయరు ద్వారా రాతపూర్వకంగా జవాబిచ్చి, హాజరుకు తేదీ అడగాలి. ముద్దాయిలు చేసే తప్పులు ఎప్పుడూ ఒక్కటే: ఫోను ఆపేయడం, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో బంధువుల ఇంట్లో ఉండటం, లేదా కార్పొరేట్ ఆసుపత్రిలో చేరడం. మొదటి రెండిటికీ పోలీసు కౌంటర్‌లో "పరారీలో ఉన్నాడు" అన్న వాక్యం రెడీగా ఉంటుంది. మూడోదాన్ని జడ్జి నమ్మడు, ఎందుకంటే అది అంత మామూలైపోయింది. నిజంగా గుండెజబ్బున్న ముద్దాయి కూడా ఆ అపనమ్మకంలో కొట్టుకుపోతాడు.

ఒకవేళ అరెస్టే జరిగితే, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. పంకజ్ బన్సల్ 2023లో ఈడీ కేసులకు, ప్రబీర్ పుర్కాయస్థ 2024లో ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులకు చెప్పినదాన్ని 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా తీర్పు అన్ని నేరాలకూ విస్తరించింది: నిందితుడికి అర్థమయ్యే భాషలో, రిమాండుకు హాజరుపరచడానికి కనీసం 2 గంటల ముందు. రిమాండ్ సమయంలో లాయరు మొదట అడగాల్సింది ఆ కాగితం, దాని మీద అందుకున్న సమయం. బేడీల విషయంలో 43(3) జాబితా చూడండి. హత్య, అత్యాచారం, మాదకద్రవ్యాలు, వ్యవస్థీకృత నేరం వంటివి ఉన్నాయి, ఆర్థిక నేరాలు లేవు. బేడీలతో నడిపించిన ఫొటో బయటికి వస్తే అది గోప్యత ఫిర్యాదు కాదు, చట్ట ఉల్లంఘన ఫిర్యాదు. మేజిస్ట్రేటు ముందు అదే రోజు రికార్డు చేయించాలి.

ముందస్తు బెయిల్ పిటిషన్: రాసే చేయి జాగ్రత్త

482 కింద నెల్లూరు సెషన్స్ కోర్టు, అక్కడ రాకపోతే హైకోర్టు. 2020లో సుశీలా అగర్వాల్ తీర్పు తర్వాత ముందస్తు బెయిల్‌కు సాధారణంగా గడువు పెట్టరు. చట్టం ఇంతే, తేలిక. కష్టమంతా అఫిడవిట్‌లో ఉంది.

సంపన్నుల పిటిషన్లలో కనిపించే అలవాటు ఏమిటంటే ఉన్నదంతా రాయడం: ఆస్తుల చిట్టా, దానధర్మాలు, పన్ను చెల్లింపులు, కుటుంబ సభ్యుల జబ్బులు, ఆపరేషన్ల కాగితాలు. పరపతి చూపిస్తే బెయిల్ వస్తుందన్న భ్రమ. జడ్జి చూసేవి మూడే: పారిపోతాడా, సాక్ష్యాలు చెరుపుతాడా, సాక్షులను ఒత్తిడి చేస్తాడా. ఆస్తుల చిట్టా ఈ మూడిట్లో మూడోదాన్ని పీపీకి సిద్ధం చేసి ఇస్తుంది. పైగా పిటిషన్ కాపీ పీపీకి వెళ్తుంది, అక్కడి నుంచి ఫిర్యాదుదారుల లాయరుకు. ఆర్డరులో పిటిషన్ సారాంశం వస్తుంది, ఆర్డరు ఈ-కోర్టుల సైట్‌లో పేరుతో సహా ఎక్కుతుంది. భార్యకు ఏ జబ్బో నెల్లూరు ట్రంకు రోడ్డులో టీ కొట్టు దగ్గర తెలిసేది ఇలాగే, పోలీసుల వల్ల కాదు.

కాబట్టి జబ్బు రాయాల్సి వస్తే డాక్టరు ఇచ్చిన ఒక పేజీ సర్టిఫికెట్ చాలు, పూర్తి కేస్ షీటు వద్దు. పూర్తి రికార్డు జడ్జి అడిగితే విచారణలో చూసి వాపసు ఇవ్వమని కోరాలి. ఆస్తుల బదులు మూలాలు రాయాలి: ప్లాంటు ఇక్కడుంది, ఇంత మంది కూలీలున్నారు, ఇల్లు ఇక్కడుంది. పాస్‌పోర్టును మనమే కోర్టుకు ఇస్తామనాలి. పోలీసులు పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవచ్చు కానీ నిలిపి ఉంచే అధికారం పాస్‌పోర్టు అధికారిదేనని 2008లో సురేశ్ నందా కేసు చెప్పింది. ఆ వాదన మంచిదే, ముందస్తు బెయిల్ రోజున మాత్రం దాన్ని జేబులోనే ఉంచుకోవాలి.

"ఇంత డిపాజిట్ చేస్తాం" అని రాయడం ఇంకో ఉచ్చు. బెయిల్ అంటే వసూలు ప్రక్రియ కాదని 2023లో రమేశ్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు తప్పుబట్టింది. కానీ ముద్దాయే స్వయంగా ఒప్పుకుని ఆర్డరు తెచ్చుకుంటే, కట్టలేకపోయిన రోజు బెయిల్ రద్దు పిటిషన్ తలుపు తడుతుంది. చెల్లించదలిస్తే బెయిల్‌తో ముడిపెట్టకుండా, తప్పు ఒప్పుకోకుండా, బ్యాంకు ద్వారా రైతు ఖాతాకే పంపడం శుభ్రమైన పద్ధతి. ఫోను లొకేషన్ ఎప్పుడూ దర్యాప్తు అధికారికి కనిపించేలా పెట్టాలన్న షరతు వస్తే 2024 జులై నాటి ఫ్రాంక్ వైటస్ తీర్పు చూపండి. ముద్దాయి కదలికలను నిరంతరం కనిపెట్టే షరతు గోప్యతకు విరుద్ధమని అందులో ఉంది. గోప్యత ప్రాథమిక హక్కు అన్న 2017 నాటి పుట్టస్వామి తీర్పు బెయిల్ షరతుల్లోకి నేరుగా దిగిన చోటు ఇది. ముద్దాయికి గోప్యత ఉంటుందన్న మాట కోర్టు నోట వినాలంటే ఇలాంటి నిర్దిష్టమైన చోట్లే అడగాలి. "పరువు" అని గాల్లో అడిగితే రాదు.

సోదా, ఫోన్లు

105 సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం ఆడియో వీడియో రికార్డు చేయాలి. దీన్ని డిఫెన్స్ స్వాగతించాలి. లేని కాగితం దొరికిందని రాసే పాత రోగానికి ఇది మందు. అయితే అదే కెమెరా పడకగది, బీరువా, ఇంటి ఆడవాళ్లు, పిల్లల పుస్తకాలు అన్నీ తీస్తుంది. ఆ వీడియో రికార్డులో భాగమవుతుంది, కాపీ ముద్దాయిలందరికీ వస్తుంది. ఎ5 ఏజెంటుకు ఎ1 ఇంటి లోపలి వీడియో అందుతుందన్నమాట. చార్జిషీటు కాపీలు ఇచ్చేటప్పుడు సంబంధం లేని దృశ్యాలకు మసక వేయమని అడగవచ్చు. దీనికి కచ్చితమైన సెక్షన్ లేదు, మేజిస్ట్రేటు విచక్షణ మీద ఆధారం. అడగనివాళ్లకు మాత్రం ఎటూ రాదు.

సోదా వేళ ఇంట్లో ఒక జూనియర్ లాయరు ఉంటే చేయాల్సిన పని గొడవ పడటం కాదు, రాసుకోవడం. మధ్యవర్తుల నివేదికలో ప్రతి ఫోను మోడల్, ఐఎంఈఐ, రంగు, ఆన్‌లో ఉందా ఆఫ్‌లోనా, సీలు ఎలా వేశారు, హ్యాష్ విలువ (డేటా మారితే తానూ మారే గుర్తు సంఖ్య) తీశారా అన్నవి రాయించాలి. సాక్ష్య అధినియమం 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ గడి ఉంది. స్వాధీనం నాటికి హ్యాష్ లేకపోతే, ఫోరెన్సిక్ ల్యాబ్‌కు (ఎఫ్ఎస్ఎల్) చేరేలోపు డేటా మారలేదని ప్రాసిక్యూషన్ ఎలా చెబుతుందన్న ప్రశ్న ట్రయల్‌లో బాగా పనిచేస్తుంది. సర్వర్ మొత్తం ఎత్తుకుపోతే ప్లాంటు ఆగుతుంది. కోర్టులో నకలు కాపీ లేదా మధ్యంతర వాపసు కోసం 497, 503 కింద వేయాలి.

పాస్‌వర్డ్ చెప్పాలా? కోర్టుల మధ్య ఏకాభిప్రాయం లేదు. వేలిముద్ర, చేతిరాత ఇవ్వమనడం తనకు తాను సాక్ష్యం చెప్పుకోవడం కాదని 1961లోనే 11 మంది జడ్జీల ధర్మాసనం కాఠీ కాలు కేసులో చెప్పింది. మనసులో ఉన్న పాస్‌వర్డ్ వేరన్న వాదన ఉంది, దాన్ని ఒప్పుకున్న ప్రత్యేక కోర్టు ఉంది, ఒప్పుకోని హైకోర్టు ఉంది. ఆచరణలో సలహా ఇది: వేలిముద్రతో తెరుచుకునే ఫోను వాడేవారికి ఆ వాదన చేసే అవకాశమే తక్కువ. కానీ కేసు వస్తుందని తెలిశాక ఫోన్లో సెట్టింగులు మార్చడం, చాట్లు చెరపడం మొదలుపెడితే 241 సెక్షన్ ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డు ధ్వంసానికి 3 ఏళ్ల దాకా శిక్ష. చెరిపిన చాటు రైతు ఫోన్లో ఎలాగూ ఉంటుంది. రెండో వైపు ఉన్న మెసేజిని చూపించి "ఇది ఇటు ఎందుకు లేదు?" అని అడిగితే బెయిల్ దగ్గరే కథ ముగుస్తుంది.

ఆడిటరు లాయరు కాదు

డబ్బున్నవాళ్లు కష్టం రాగానే మొదట ఫోను చేసేది ఆడిటరుకు. అన్నీ చెబుతారు, మెయిళ్లు పంపుతారు. సాక్ష్య అధినియమం 132 కింద రహస్య రక్షణ వకీలుకే ఉంది, ఆడిటరుకు లేదు. ఆయనకు 179 కింద నోటీసిస్తే సాక్షిగా కూర్చుని చెప్పాల్సిందే. కంపెనీ జీతం మీద ఉన్న లా మేనేజరుకు కూడా 132 రక్షణ లేదని 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు తేల్చింది. అదే తీర్పు ముద్దాయి తరఫు వకీలును కక్షిదారుడి వివరాల కోసం నేరుగా పిలవకూడదని, మినహాయింపు ఉందనుకుంటే ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అనుమతి ఉండాలని చెప్పింది. అందుచేత లెక్కల విశ్లేషణ కావాలంటే వకీలు అడిగి, వకీలుకు అందే ఏర్పాటు చేసుకోవాలి. పాత రికార్డులకు ఆ ముసుగు వేయబోతే మాత్రం నిలవదు.

ఖాతాల స్తంభన గురించి క్లుప్తంగా. బ్యాంకు ఖాతా "ఆస్తి"యేనని 1999 తాపస్ నియోగి కేసు చెప్పింది, 106 కింద ఆపవచ్చు, కానీ మేజిస్ట్రేటుకు వెంటనే తెలపాలి. ఆ నివేదిక ఎప్పుడు వెళ్లిందో నకలు తీయండి. ఆలస్యమైతే అదే పాయింటు. భూములు, ప్లాంటు 106 కింద ఎత్తలేరని 2019 నెవాడా ప్రాపర్టీస్ తీర్పు ఉంది. కొత్త 107 కింద కోర్టు ద్వారా జప్తు అడగవచ్చు, దానికి ముందు 14 రోజుల షోకాజ్ నోటీసు ఉంటుంది. కూలీల జీతాల కోసం కొంత మొత్తం వదలమని అడిగితే తరచూ ఇస్తారు. జాబితా, పీఎఫ్ చలాన్లు జతచేస్తేనే.

భార్య, కొడుకు

ఎ2, ఎ3 మీద కేసు హైకోర్టులో 528 కింద ముందు పడగొట్టాల్సింది. సంహితలో డైరెక్టరు అయినంత మాత్రాన నేరం అంటదు. ప్రత్యేక పాత్ర ఆరోపించాలని 2007లో మక్సూద్ సయ్యద్, 2015లో సునీల్ భారతి మిత్తల్ తీర్పులు ఉన్నాయి. ఎ3కి ఇది సాఫీగా సరిపోతుంది. ఎ2కి సెప్టెంబరు దస్తావేజు అడ్డం పడుతుంది, ఆ స్థలాలు తీసుకున్నది ఆమే కదా. ఇద్దరికీ ఒకే పిటిషన్ వేసి కొడుకు కేసును తల్లి కేసుతో ముంచకండి. విడిగా వేయాలి.

పత్రికలు, ఈడీ, రాజీ

వార్తలను ఆపాలని సివిల్ కోర్టుకు వెళ్లే ఆలోచన వస్తుంది. 2012 సహారా తీర్పు ప్రచురణను కొంతకాలం వాయిదా వేయించే వీలు ఇచ్చింది. విచారణకు నిజమైన, గట్టి ముప్పు చూపాలి. 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్ కేసు ఏకపక్ష ఆంక్షలకు మరింత అడ్డం వేసింది. రైతులు కలెక్టరేట్ ముందు కూర్చున్న వార్తకు ఈ గడప దాటదు. పిటిషన్ వేస్తే జిల్లా ఎడిషన్ వార్త రాష్ట్ర ఎడిషన్‌కు పోతుంది.

మోసం మనీలాండరింగ్ చట్టం షెడ్యూల్లో ఉంది. 4.60 కోట్లు కోటి దాటిన మొత్తం కాబట్టి ఈడీ వస్తే ఆ చట్టం 45 సెక్షన్ జంట షరతులు (నేరం చేయలేదని, బెయిల్‌పై ఉండగా చేయడని జడ్జికి నమ్మకం కలగడం) బెయిల్‌కు అడ్డు. అందుకే మూల కేసు కొట్టుడుపోతే ఈడీ కేసు నిలవదన్న 2022 విజయ్ మదన్‌లాల్ తీర్పు ఈ ఫైలులో అసలైన లక్ష్యం. అయితే 318(4) ఒక్కటే క్వాష్ (కొట్టివేత) అయినా, రాజీ అయినా చాలదు, 340(2) కూడా షెడ్యూల్లోదే కాబట్టి అదీ పోవాలి. కుట్ర సెక్షన్ ఒక్కటే మిగిలితే ఈడీకి చాలదని 2023లో పావన దిబ్బూర్ తీర్పు చెప్పింది.

రాజీలో 318(4) కోర్టు అనుమతితో కుదురుతుంది. 316(5), 336(3), 340(2) కుదరవు. వాటికి, రాజీ మీద హైకోర్టు కేసు కొట్టివేయవచ్చన్న 2012 జ్ఞాన్ సింగ్ తీర్పు దారిలో హైకోర్టుకే వెళ్లాలి. 23 మందిలో 21 మంది సంతకం చేసి ఇద్దరు చేయకపోతే ఆ ఇద్దరి కోసం కేసు బతికే ఉంటుంది. అందరి దగ్గరా విడివిడి మెమోలు, ఒక్కొక్కరి బ్యాంకు రశీదుతో. 2 లక్షలు, ఆపైన నగదు ముట్టజెప్పకూడదు, పన్ను చట్టం వేరే పేచీ పెడుతుంది. "ఎవరికీ చెప్పకూడదు, సాక్ష్యం ఇవ్వకూడదు" అన్న షరతు రాస్తున్నారు కొందరు. మొదటి సగం నిలవచ్చేమో, రెండో సగం కాంట్రాక్టు చట్టం 23 కింద చెల్లదు. పైగా కంపెనీ మేనేజర్లు ఆ కాగితం పట్టుకుని ఊళ్లకు పోతే సాక్షి బెదిరింపు 232 సెక్షన్ అవుతుంది. మాటలన్నీ రెండు వైపుల వకీళ్ల మధ్యే జరగాలి.

కేసు ముగిసినా ఈ-కోర్టుల సైట్‌లో పేరు ఉంటుంది. తీర్పులో పేరు తీసేయమని 2021లో ఢిల్లీ హైకోర్టు ఒకరికి మధ్యంతర ఊరట ఇచ్చింది. మద్రాసు హైకోర్టు 2024లో ఇచ్చిన అలాంటి ఆదేశంపై సుప్రీంకోర్టు స్టే విధించింది. నిర్దోషిగా తేలినవాడికే ఇంత అనిశ్చితం. రాజీ అయిన ముద్దాయి అడగగలిగేది ప్రస్తుతానికి ఏమీ లేదు.

కేసు నడుస్తుండగా బోస్టన్‌లో మార్చి నెల సీఫుడ్ ఎక్స్‌పోకు వెళ్లాలంటే బెయిల్ ఇచ్చిన కోర్టు అనుమతి కావాలి. పాస్‌పోర్టు గడువు తీరితే 1993 ఆగస్టు 25 నోటిఫికేషన్ కింద కోర్టు ఉత్తర్వు తేవాలి. ఆ ఉత్తర్వులో కాలం రాయించుకోకపోతే ఒక ఏడాదికే ఇస్తారు. అనుమతి పిటిషన్‌కు కొనుగోలుదారుల ఆహ్వానాలు జతచేయమంటారు. వాటి కాపీలు జత చేస్తే మీ కొనుగోలుదారుల జాబితా పోటీ ఎగుమతిదారుకు చేరుతుంది. ఒకటి రెండు ఆహ్వానాలు చాలు. మిగతావి అసలు ప్రతులుగా జడ్జికి చూపి, చూశారని ప్రొసీడింగ్స్‌లో రాయించి, అక్కడే వాపసు తీసుకోవాలి.